అంగస్తంభన లోప నిర్ధారణ: సాక్ష్యం మారిన తీరు

పురుషుని లైంగిక అసమర్థతను ఎవరు, ఏ సాక్ష్యంతో తేల్చాలన్నది మొదట వైద్యుల ప్రశ్న మాత్రమే కాదు. నారదస్మృతి వివాహానికి ముందు వరుని పుంస్త్వాన్ని పరీక్షించాలని చెప్పి, 14 రకాల షండులను పేర్కొని, చికిత్సకు లొంగేవారికి గడువును సైతం సూచించింది. చరకసంహిత క్లైబ్యాన్ని బీజోపఘాతం, ధ్వజోపఘాతం, జర, శుక్రక్షయం అని నాలుగుగా విభజించింది. స్మృతికి కావలసింది అర్హత. సంహితకు కావలసింది కారణం.

ఫ్రాన్సులో 16, 17 శతాబ్దాలలో ఈ రెంటినీ కలగాపులగం చేసిన పరీక్ష ఒకటి నడిచింది. వివాహరద్దు వ్యాజ్యాలలో దంపతులు వైద్యులు, మంత్రసానుల పర్యవేక్షణలో సంగమించి సామర్థ్యాన్ని నిరూపించుకోవాలి. దీనిని ‘కాంగ్రే’ అన్నారు. మార్క్విస్ ద లాంజే ఇందులో విఫలుడు కాగా 1659లో అతని వివాహం రద్దయింది. మరో వివాహం చేసుకొని అతడు ఏడుగురు బిడ్డలకు తండ్రి అయ్యాడు! పరీక్ష కొలిచింది భయాన్నే తప్ప వ్యాధిని కాదు. 1677లో పారిస్ ఉన్నత న్యాయస్థానం దీనిని రద్దుచేసింది.

భయం చొరబడని సాక్ష్యం నిద్రలో దొరికింది. నిద్రలో స్తంభనలు నియమిత వ్యవధులలో కలుగుతాయని 1944లో ఓల్మేయర్ బృందం జర్మనీలో గుర్తించింది. కనుపాపలు వేగంగా కదిలే నిద్రాదశతో వాటికి గల సంబంధాన్ని 1965లో ఫిషర్ బృందం చూపింది. అమెరికాలో ఇస్మెత్ కరాజాన్ దీనినే నిర్ధారణ సాధనంగా మలిచాడు. నిద్రలో స్తంభన కలిగితే కారణం మానసికమని, కలగకపోతే శారీరకమని ఆనాటి తర్కం. ప్రయోగశాల ఖర్చు భరించలేని చోట, అంగం చుట్టూ తపాలా బిళ్ళలను వలయంగా అతికించి, ఉదయం అవి చిరిగాయో లేదో చూసే పద్ధతి 1980లో ప్రచురితమైంది. అయితే కుంగుబాటు, నిద్రలేమి కూడా ఫలితాన్ని తారుమారు చేయగలవు; మనసు, దేహం అన్న విభజన అంత తేలికగా నిలవలేదు.

1983లో లాస్ వేగాస్ వైద్యసభలో బ్రిండ్లీ తనకు తానే సూదిమందు ఎక్కించుకొని ఫలితాన్ని సభికులకు చూపాడు. పారిస్‌లో రద్దయిన బహిరంగ నిరూపణ ఈసారి స్వచ్ఛందంగా తిరిగివచ్చిందనాలి. 1985 నాటికి రక్తప్రసరణను డాప్లర్‌తో కొలవసాగారు. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల సదస్సు ‘ఇంపొటెన్స్’ అనే నిందార్థక పదం బదులు ‘ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్’ను సిఫారసు చేసింది. 1997లో 15 ప్రశ్నల అంతర్జాతీయ సూచిక వెలువడింది. రోగి మాటే సాక్ష్యమైంది.

మరుసటి ఏడాది సిల్డెనాఫిల్ మాత్ర వచ్చాక, కారణం తెలియకున్నా చికిత్స సాధ్యమైంది. నిర్ధారణ అనవసరమన్న భావానికి ఇదే మూలం, అది ప్రమాదకరం. అంగానికి రక్తమందించే ధమనులు హృదయధమనుల కన్నా సన్నవి గనుక, రక్తనాళవ్యాధి తొలుత ఇక్కడే బయటపడవచ్చు. అందుకే నేటి వైద్యుడు రోగి కథనంతోపాటు వాడుతున్న మందులు, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వులు, ఉదయపు టెస్టోస్టిరాన్ పరిశీలిస్తాడు. గుండెజబ్బుకు నైట్రేట్లు వాడేవారికైతే ఆ మాత్ర ఇవ్వనే ఇవ్వడు.