రంగం ఏ దిక్కున ఉంది?

మన జనానికి ప్రపంచ జ్ఞానం లేదని వాపోవడం చదువుకున్నవాళ్ళకు పాత అలవాటు. గోడమీది పటంలో బ్రెజిల్ చూపలేనివాడు అజ్ఞాని అని వారి తీర్పు. ఆ లెక్కన మా నాయనమ్మ పరమ అజ్ఞాని. లండన్ ఏ ఖండంలో ఉందో ఆమెకు తెలియదు. రంగం మాత్రం తెలుసు. 1942లో తల్లి చెయ్యి పట్టుకుని, కొండలూ అడవులూ దాటి అక్కణ్ణించి నడిచి వచ్చిన పిల్ల ఆమె.

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర, గోదావరి పల్లెల్లో ఒకప్పుడు ఆ పేరు తెలియని ఇల్లు అరుదు. రేవు పనికీ, రిక్షా లాగడానికీ, ధాన్యం మిల్లులకూ మనవాళ్ళు బంగాళాఖాతం దాటారు. బర్మాలో వాళ్ళకు పడ్డ పేరు 'కోరంగీలు'. 1839 తుపానులో నాశనమైన మన కోరంగి రేవు, ఆవలి ఒడ్డున కూలివాడి పేరై బతికింది! ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో వెదికితే దొరకదు.

అయితే శ్రమజీవికి అన్నీ తెలుసని పొగడడం కూడా ఒక రకం మోసమే. తెలియనితనం తోటల యజమానులకు పెట్టుబడి అయింది. ఫిజీ కలకత్తాకు దగ్గరేనని నమ్మించి కొందరిని ఓడ ఎక్కించారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగువాళ్ళూ ఆ దీవులకు వెళ్ళారు. ఎంత దూరమో సముద్రం మీద వారాలు గడిచాక గాని తెలియలేదు.

రంగంలోనూ అంతే. మనవాడికి రేవు తెలుసు, మేస్త్రీ తెలుసు, మనియార్డరు కట్టే చోటు తెలుసు. ఊరి వెలుపల బర్మా రైతు ఏమవుతున్నాడో తెలియదు. ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, అప్పుల కింద ఆ రైతు భూమి వడ్డీవ్యాపారుల పాలవుతున్న కాలం అది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టాయి. సమ్మె పరిష్కారం కాగానే వాళ్ళను పొమ్మన్నాయి. ఆ రేవులోనే ఇద్దరు పేదలు ఒకరినొకరు నరుక్కున్నారు. వందమందికి పైగా చచ్చారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఓడల కంపెనీలకు గీత పడలేదు. పక్క దేశం గురించి తెలియకపోవడమంటే పరీక్షలో రెండు మార్కులు పోవడం కాదని నాకు ఈ ఘట్టం చదివాకే అర్థమైంది.

1941 డిసెంబరులో జపాను బాంబులు రంగూన్‌పై పడ్డాక లక్షలాది భారతీయులు తిరుగుదారి పట్టారు. ఓడలో చోటు కొనగలిగినవారు ఓడెక్కారు. మిగతావారు నడిచారు. అరకాన్, మణిపురం, అస్సాం — మా నాయనమ్మకు ఈ పేర్లు రావు. నీళ్ళు దొరికిన చోట్లు, తమ్ముణ్ణి పూడ్చిన చోటు చెప్పేది.

ఈమధ్య సోషల్ మాస్టారు సెలవు పెడితే ఎనిమిదో తరగతికి వెళ్ళాను. తెలుగు పంతుల్ని కదా, పటం ముందు నాకే బెరుకు. రంగం చూపమంటే ఎవరికీ దొరకలేదు. 1989 నుంచి దాని పేరు యాంగోన్. సరే, మీకు తెలిసిన దేశం చూపండన్నాను. ఒక కుర్రాడు వచ్చి తడుముకోకుండా కువైట్ మీద వేలు పెట్టాడు. వాళ్ళమ్మ అక్కడ ఇంటిపనిలో ఉంది. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక అని తనే చెప్పాడు. ఆమె ఫోను చేసే వేళలను బట్టి కట్టిన లెక్కట. రేఖాంశాల పాఠం వాళ్ళకింకా మొదలుకాలేదు.