బహుళ యాంటెనా రిసీవర్లలో క్వాంటైజర్ల రూపకల్పన

యాంటెనాకు అందే సంకేతం ఎడతెగకుండా మారే వోల్టేజీ. దాన్ని కొన్ని నిర్ణీత స్థాయులకు సర్ది అంకెలుగా మార్చే భాగం క్వాంటైజర్. కల్లంలో ధాన్యాన్ని కుంచాలతో కొలిస్తే చివర కుంచం నిండనిది లెక్కకు రాదు. ఇక్కడా రెండు స్థాయుల నడుమ పడిన తేడా పోతుంది. అదే క్వాంటైజేషన్ దోషం. ఒక్కో బిట్టు పెంచితే దోషం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, స్థాయుల సంఖ్య రెట్టింపవుతుంది, విద్యుత్ ఖర్చూ పెరుగుతుంది.

1938లో ఎలెక్ రీవ్స్ పల్స్ కోడ్ మాడ్యులేషన్‌కు ఫ్రాన్సులో పేటెంటు కోరాడు. సమాన మెట్లుంటే సగటు వర్గ దోషం మెట్టు వర్గంలో పన్నెండో వంతని 1948లో బెనెట్ చూపాడు. మెట్లు సమానంగా ఉండనక్కర్లేదన్నది అసలు మలుపు. బెల్ ల్యాబ్స్‌లో 1957లో స్టువార్ట్ లాయిడ్, విడిగా 1960లో జోయెల్ మాక్స్ సంకేతానికి తగ్గట్టు అసమాన మెట్లను సర్దే పద్ధతి కనుగొన్నారు. లాయిడ్ పత్రం అచ్చయింది 1982లో! ప్రామాణిక విచలనం 1 ఉన్న గాసియన్ సంకేతానికి రెండు బిట్లే ఉంటే హద్దులు 0, ±0.98 దగ్గర, స్థాయులు ±0.45, ±1.51 దగ్గర ఉండాలి, సగటు వర్గ దోషం 0.1175కు దిగుతుంది. మాక్స్ పట్టికలు నేటికీ చెక్కుచెదరలేదు.

ధన, రుణ గుర్తు ఒక్కటే, అంటే ఒక్క బిట్టే, మిగిల్చినా గాసియన్ సంకేతపు సహసంబంధాన్ని తిరిగి రాబట్టవచ్చని 1943లో వాన్ వ్లెక్ నిరూపించాడు. 1952లో బుస్‌గాంగ్ సిద్ధాంతం దానికి తోడైంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో ఇచ్చిన క్రామర్-రావు హద్దు, క్వాంటైజర్ వల్ల ఎంత సమాచారం పోతుందో కొలిచే గజంగా నేడు వాడుకలో ఉంది.

లిండే, బుజో, గ్రే 1980లో, పలు విలువలను ఒకేసారి సర్దే సదిశ క్వాంటైజర్లకు పద్ధతి ఇచ్చారు. ఆ తరువాత పాల్‌రాజ్, ఫోషినీ, టెలటార్‌లు బహుళ యాంటెనాల ప్రసారానికి పునాది వేశారు.

2010లో మార్జెటా చాలా ఎక్కువ యాంటెనాలున్న బేస్ స్టేషన్‌ను ప్రతిపాదించడంతో ఎన్ని బిట్లు చాలన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఒక్కో యాంటెనాకు రెండు మార్పిడి సర్క్యూట్లు కావాలి. 64 యాంటెనాలంటే 128. అన్నిటికీ ఎక్కువ బిట్లు ఇస్తే విద్యుత్ ఖర్చు తట్టుకోలేం. ఒక్క బిట్టుతో సరిపెడితే, బలహీన సంకేతం దగ్గర నష్టం 1.96 డెసిబెల్స్ మాత్రమే. బలమైన సంకేతం దగ్గర పరిమాణం తెలియకపోవడం పెద్ద లోపం. అయితే యాంటెనాలు ఎక్కువైనప్పుడు వాటి వేర్వేరు రొదలే ఆ లోటును కొంత పూడుస్తాయి. 2014లో రిసీ, పెర్సన్, లార్సన్‌లు ఇదే కోవలో ఒక్క బిట్టు రిసీవర్లను పరిశీలించారు.

బహుళ యాంటెనాలను వాడే 5జీ కోసం 2022 మే 17న ప్రారంభమైన దేశీయ టెస్ట్‌బెడ్‌ను రూపొందించిన ఎనిమిది సంస్థల్లో ఐఐటీ హైదరాబాద్ ఒకటి.