ముక్కు కొలత నుంచి జన్యువు దాకా

దోమలగూడలో ఇందిరాపార్కు దగ్గరి ఒక మేడమీది గదిలో కొందరం పరిశోధక విద్యార్థులం ఆదివారాలు కూచుంటున్నాం. జీవశాస్త్రం చదివినోళ్ళు ఇద్దరు, మిగతా అందరం చరిత్రా సామాజికశాస్త్రమూ. మొన్న ముందేసుకున్నది 2009లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన జన్యు పట్టికలు. హైదరాబాదు సిసిఎంబి శాస్త్రజ్ఞులు లాల్జీసింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి చేసిన పని అది. 25 సమూహాలు, 132 మంది మనుషులు. అంటే సగటున సమూహానికి అయిదుగురు. వెలమ, వైశ్య, చెంచుల పక్కన మాల, మాదిగ అని కనబడగానే అందరం అక్కడ ఆగినం.

మనల్ని కొలవటం కొత్తేం కాదు. ముక్కు ఎంత వెడల్పుంటే కులం అంత తక్కువని 1891లో రిస్లే దొర సూత్రం చెప్పాడు. మద్రాసు మ్యూజియం థర్‌స్టన్ కూడా కొలబద్ద పట్టుకొని తిరిగి, 1909లో కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఆ కొలతలనే అంబేద్కర్ 1948లో తిరగేసి పట్టుకున్నాడు: వీటి ప్రకారమే బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి, అంటరానితనానికి జాతి కారణం కాదు అని.

2001లో మళ్ళీ అదే తగువు. విశాఖపట్నం జిల్లాలో ఎనిమిది కులాల మగవాళ్ళు 265 మంది రక్తం పరీక్షించి, అగ్రకులాలు యూరపు వాళ్ళకు దగ్గర అని ఒక వ్యాసం వచ్చింది. ఆ ఏడే డర్బన్ సదస్సులో కులం జాతి కాదు పొమ్మని భారత ప్రభుత్వం వాదించింది. మా గదిలో ఒకాయన ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ఆయుధమనే అంటాడు. నాకు మాత్రం అది రిస్లే గొడ్డలే, పిడి మార్చారంతే.

ఎందుకంటే 2009 పట్టికలు చూస్తే అన్ని కులాలూ రెండు పాత జనాల కలయికే, పాళ్ళే తేడా. వీళ్ళే 2013లో 73 సమూహాలు చూసి, ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కింద జరిగిందని లెక్కగట్టారు. తర్వాత కలవటం దాదాపు ఆగింది. వైశ్యుల్లోనైతే వందతరాలకు పైగా బయటివాళ్ళు కలిసింది బహుతక్కువ. అంటే తలుపులు ఒకప్పుడు తెరిచే ఉన్నయి, ఎవరో మూశారు. 1916లో కొలంబియాలో, ఇట్లాంటి ఒక సెమినార్లోనే, పాతికేళ్ళ అంబేద్కర్ చదివిన వ్యాసం కూడా ఆ మూత గురించే: కులానికి మూలం లోపలి పెళ్ళి అని. ఆయన చేతిలో జన్యు పట్టిక ఏదీ లేదు.

మూసిందెవరో, ఏ బలంతోనో రక్తం చెప్పదు. అది చరిత్ర వాళ్ళం వెతకాల్సిన పని.

లేచిపోయే ముందు ఒక తమ్ముడు అడిగిండు: “అన్నా, మాల మాదిగ ఒకటేనా వేరేనా, ఇందుల తేల్తదా?” గదిలో రెండు కులాలవాళ్ళమూ ఉన్నాం, కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరుస్తూ, వెనకబాటుకూ ప్రాతినిధ్యానికీ లెక్కలు చూపమంది. ఆ లెక్కలుండేది ఉద్యోగాల రిజిస్టర్లల్ల, కాలేజీ అడ్మిషన్లల్ల. వచ్చే ఆదివారం వాటితోనే కూచుంటున్నాం.