మూతివంకర మళ్ళీ వస్తుందా?

1806లో నిజాం సికందర్ జా పేర వెలసిన సికింద్రాబాదు దండు విడిసిన ఊరు. ఆయుర్వేద వైద్యులు, హకీములు, పటాలపు డాక్టర్లు ఇరుగుపొరుగున మందులిచ్చిన ఇటువంటి చోట ఒకే జబ్బుకు మూడు పేర్లు ఉండడం వింతకాదు. రాత్రి బాగానే నిద్రపోయిన మనిషి తెల్లవారి పుక్కిలిస్తే నీరు పెదవి మూలనుంచి కారిపోతుంది; ఒక కన్ను మూతపడదు; నవ్వితే మూతి ఒక పక్కకే పోతుంది. దీనిని ఆయుర్వేదం అర్దితమన్నది, యునానీ లఖ్వా అన్నది, ఇంగ్లీషు వైద్యం బెల్ పక్షవాతమన్నది.

రెప్ప వాల్చలేకపోవడం, మాట తేటపడకపోవడం, మూడేండ్లు గడిచినా తగ్గకపోవడం అసాధ్య లక్షణాలని సుశ్రుతసంహిత చెప్పింది. ముఖానికే పరిమితమైన లఖ్వాను మెదడు జబ్బువల్ల వచ్చేదానినుంచి వేరుచేయడానికి పూనుకొన్నవారిలో పారశీక వైద్యుడు అల్ రాజీ ఒకడు. ఈ తేడా నేటికీ ప్రాణప్రదమైనదే. మెదడు దెబ్బతిన్నప్పుడు సాధారణంగా నుదురు ముడతలు పడుతుంది. ముఖనాడి దెబ్బతింటే పడదు.

ఆ నాడి పనిని తేల్చడానికి చార్లెస్ బెల్ లండనులో ఒక గాడిద ముఖంలోని నరాన్ని కోసి చూచాడు. ఆ వైపు ముక్కుపుటం కదలడం మానింది. 1821లో రాయల్ సొసైటీకి ఈ సంగతి నివేదించాడు. జబ్బుకు ఆయన పేరు నిలిచింది గాని కారణం తెలియలేదు. చల్లగాలే కారణమని ఐరోపా వైద్యులూ చాలాకాలం నమ్మారు. చలికాలపు వేకువను సికింద్రాబాదు స్టేషనులో చెవులకు మఫ్లరు చుట్టుకొనే ప్రయాణికుడి నమ్మకమూ అదే. మఫ్లరు వెచ్చగా ఉంటుంది, అంతవరకు మేలే. అది జబ్బును ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు.

చెవివెనుక ఎముకలోని ఇరుకు సొరంగంగుండా ఈ నాడి పోతుంది. వాచినప్పుడు అక్కడ నలిగిపోతుంది. ఆ వాపునకు పెదవిపై పొక్కులు తెచ్చే హెర్పీస్ వైరసు కారణం కావచ్చునని 1972లో మెకార్మిక్ ఊహించాడు. 1996లో జపానులో మురకామి బృందం రోగుల నాడిద్రవంలో ఆ వైరసు జాడ కనుగొన్నది. ఆ వైరసు ఒకసారి ప్రవేశిస్తే నాడీగ్రంథులలో జీవితాంతం దాగి ఉంటుంది. కోలుకొన్నవాడు రోజూ అద్దం ముందు నిలిచి పెదవి కొలుచుకోవడం అందుచేత వట్టి పిరికితనం కాదు.

అయినా లెక్క ఊరటనిచ్చేదే. కోపెన్‌హాగెనులో పైటర్సన్ పాతికేండ్లపాటు మందివ్వకుండా గమనించిన రోగుల వివరాలు 2002లో వెలువడ్డాయి. వారిలో నూటికి డెబ్బయిమంది పూర్తిగా కోలుకొన్నారు. జబ్బు తిరిగి వచ్చినవారు నూటికి ఏడుగురే. మళ్ళీ రాకుండా కాపాడే మందు, తైలం, వ్యాయామం ఏదీ రుజువుకాలేదు.

వస్తే చేయవలసినది మాత్రం తెలుసు. 72 గంటలలోపు ప్రెడ్నిసొలోను మొదలుపెడితే కోలుకొనే అవకాశం పెరుగుతుందని స్కాట్లండు పరీక్షలు 2007లో చూపాయి. మధుమేహం ఉన్నవారు ఆ మందును డాక్టరు కనిపెట్టి చూస్తుండగానే వాడాలి. మూతపడని కంటికి పగలు చుక్కలు, రాత్రి లేపనం వేసి, రెప్పను మూసి ఉంచాలి. లేకపోతే నల్లగుడ్డు ఎండి పుండుపడుతుంది. రెండవసారి వచ్చినదానిని పాత జబ్బేనని ఇంట్లోనే తేల్చుకోరాదు. మధుమేహమో, కుష్ఠువో, నాడిపై కంతియో ఉన్నదేమో చూడాలి. పెదవి వాపు, చీలికలు పడిన నాలుక కూడా కనిపిస్తే అది 1928లో మెల్కర్సన్, 1931లో రోజెంతాల్ వర్ణించిన వేరే జబ్బు కావచ్చు. మళ్ళీ మళ్ళీ రావడం దాని స్వభావం.