కంచరగాడిద కట్టిన గదిలో

సూట్‌కేసు పైనే వదిలెయ్యమని గుహ అద్దెకిచ్చిన ఆమె ఫోనులో ముందే చెప్పింది. వినలేదు, ఇప్పుడు అనుభవిస్తున్నాను. దక్షిణ ఇటలీ, మతేరా ఊరు, మే నెల సాయంత్రం. సాస్సీ అనే ఈ పాతపేటలో నా గుహదాకా కారు రాదు. అరిగి నున్నబడ్డ మెట్ల మీద చక్రాలు టకటకమంటుంటే ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, లోపలికి తీసేసుకున్నారు. కాసేపటికి తెలిసింది, నేను వీధి అనుకుని నడుస్తున్నది కింది ఇంటి కప్పు. ఇక్కడ ఒకరి డాబా ఇంకొకరికి దారి.

కింద లోయలో గ్రావీనా ఏరు. అవతలి గట్టంతా నల్లగా నోళ్లు తెరిచిన గుహలు. తల మీద చిన్న డేగలు కీచుమంటూ గిరికీలు కొడుతున్నాయి. ఏటా వసంతానికి ఆఫ్రికా నుంచి వచ్చి ఈ పెంకుల సందుల్లోనే గూళ్లు పెట్టుకుంటాయి.

గుమ్మంలో ఆమె. అరవై ఏళ్లుంటాయి. నా వంక కాదు, సూట్‌కేసు వంక చూసి నవ్వింది.

లోపలికి అడుగు పెట్టగానే, కొత్తకుండ మూతి దగ్గర మొహం పెట్టినట్టు చల్లదనం, తడిమట్టి వాసన. గోడకి చెయ్యి ఆనిస్తే అరచేతికి పసుపుపచ్చటి ఇసుకపొడి అంటింది. మెత్తటి సున్నపురాయి, వీళ్లు ‘తూఫో’ అంటారు. దీపం దగ్గరగా పెట్టి చూస్తే రాతిలో గవ్వ ముక్కలు. ఇది ఒకప్పుడు సముద్రం అడుగు. వెనక సగం కొండలోకి తొలిచినది, ముందు సగం అలాంటి రాళ్లతోనే కట్టింది. ఏసీ లేదు, దాని అవసరమూ లేదు. నెమ్ము మాత్రం ఉంది. రాయికి గాలి ఆడాలని గోడకి సున్నం తప్ప రంగు వెయ్యనంది ఆమె.

చెయ్యి చూపిస్తూ పోయింది. అప్పట్లో మంచం ఇక్కడ, ఎత్తుగా. దాని కింద కోళ్లు. బట్టల బీరువా అడుగు సొరుగులో చంటిపిల్ల, అంటే వాళ్లమ్మ. వెనక కంచరగాడిద. కంచరగాడిద కట్టేసిన చోట ఇప్పుడు నా స్నానాల గది.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ రచయిత కార్లో లేవీ 1945లో అచ్చేసిన పుస్తకంలో ఈ గుహల పిల్లలు మలేరియాతో వణుకుతూ, వచ్చినవాళ్లని చిల్లర కాదు, క్వినైన్ అడుగుతారు. జాతికే సిగ్గుచేటని పేరుపడింది ఈ పేట. ప్రధాని దె గాస్పెరి 1950లో వచ్చి చూశాడు, 1952లో చట్టం చేశారు, సుమారు 15,000 మందిని కొత్త కాలనీలకి తరలించారు. 1986లో బాగుచేతకి మరో చట్టం, 1993లో యునెస్కో గుర్తింపు. ఆ తరవాత మాబోటివాళ్లం దిగాం.

‘పర్యావరణ హితం’ అని ఇప్పుడు బోర్డులు కడుతున్నారు. గతిలేక పొదుపుగా బతికినవాళ్లు ఆ మాట వింటే ఏమనుకుంటారో! కానీ నీళ్ల సంగతిలో మాత్రం టోపీ తియ్యాల్సిందే. కప్పు మీద పడ్డ చినుకు కాలువలోంచి గుహ అడుగున గంట ఆకారంలో తొలిచిన తొట్టిలోకి జారుతుంది. తొట్టి లోపల గచ్చుపూత, చుక్క ఇంకదు. మర్నాడు పొద్దున పెద్ద చౌకు కింద పలొంబారో లుంగో చూసొచ్చాను. 1991లో మళ్లీ బయటపడ్డ ఆ తొట్టి సుమారు 50 లక్షల లీటర్లు పడుతుంది. గోడల మీద నీటి గీత ఇంకా కనిపిస్తోంది. ఈమె తన తొట్టి నీళ్లు ఇప్పటికీ కుండీలకి తోడి పోస్తుంది.

రాత్రి వాకిట్లో కూర్చున్నాం. దీన్ని ‘విచినాతో’ అంటారు. మన మండువా చుట్టూ ఒక కుటుంబం తిరిగినట్టు, ఈ వాకిలి చుట్టూ పదేసి కుటుంబాలు తిరిగేవి. నుయ్యి ఉమ్మడి, తగువులూ ఉమ్మడే. ఇప్పుడు ఈ వాకిట్లోకి నాలుగు తలుపులు. మూడింటికి నంబరు తాళాలు. అంకెలు నొక్కితే తెరుచుకుంటాయి, తాళంచెవి చేతికిచ్చే మనిషి కూడా అక్కర్లేదు. బాగుచెయ్యడానికి రాయి దొరికింది గానీ, పక్కింటివాళ్లు దొరకలేదు.

తెల్లారి రొట్టె తెచ్చింది. గోధుమరవ్వ పిండిది, కొమ్ములాగా వంపు తిరిగి, పెంకు దళసరిగా ఉంది. పక్కన ఒక చెక్క ముద్ర పెట్టింది. అందరి పిండీ ఊరి పొయ్యిలోనే కాలేది కదా, ఎవరి రొట్టె ఎవరిదో తెలియాలని ఇంటిపేరు పొడి అక్షరాలు చెక్కిన ముద్ర. పిడి చేతివేళ్లకి అరిగిపోయింది.

వెనకే వాళ్లమ్మ వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని. గుమ్మం దాటలేదు. ఈ గదికి రాత్రికి ఎంత ఇచ్చానని అడిగింది. చెప్పాను. అక్కణ్నుంచే వంగి మంచం కిందకి తొంగిచూసి కూతురితో ఏదో అంది. ఆమె నవ్వు ఆపుకుంటూ నాకు చెప్పింది: “అంత పుచ్చుకుని కోళ్లు కూడా ఇవ్వలేదా అంటోంది.”