బళ్లారి కలెక్టరు వ్రాసిన యుత్తరము



వీధిబడి లేని పల్లె పూర్వము లేదని చెప్పుట మనలో కొందరి వాడుక. ఆంగ్లేయులు రాకపూర్వము మనకు చదువే లేదనుట మరికొందరి వాడుక. ఈ రెండు మాటలను తూచుట కొక త్రాసు కలదు. అది 1823 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీన బళ్లారి కలెక్టరు చెన్నపట్టణమునకు వ్రాసిన యుత్తరము. నేడు దానిని గూర్చియే మనవి చేసెదను.

ఆ యుత్తరమునకు కారకుడు సర్ తామస్ మన్రో. దత్తమండలములలో 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండి, తరువాత మద్రాసు గవర్నరైన యీయన 1822 జూన్ 25 న జిల్లాకెన్ని బడులు గలవు, పిల్లలెందరు, ఏ కులములవారు, ఏమి చదువుచున్నారు అని కలెక్టర్లను లెక్క యడిగెను. పెక్కుమంది పట్టికలు నింపి పంపిరి. బళ్లారిలోని ఏ. డి. కాంబెల్ మాత్రము బడిలోనికి తొంగిచూచి వ్రాసెను. 1816 లో తెలుగు వ్యాకరణమును, 1821 లో తెలుగు నిఘంటువును అచ్చు వేయించినవాడగుటచే పంతులుగారి మాట ఆయన చెవికి క్రొత్త కాదు. నేటి అనంతపురపు సీమ 1882 వరకు బళ్లారి జిల్లాలోనిదే గనుక ఈ వర్ణనము మన యిండ్లదే.

ఐదవయేట బాలుని బడిలో వేయుదురు. వినాయకునకు పూజ చేసి, బియ్యములో వ్రేలితో దేవుని పేరు దిద్దింతురు. తరువాత ఇసుకలో నక్షరములు. ఉదయమారు గంటలకే బడి. ముందుగా వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెత్తని దెబ్బ యొకటి, నాల్గవవానికి రెండు, ఇట్లు వరుసగా పెరుగును. పండ్రెండవవాడుగా వచ్చిన బాలుని చేతికి పది పడవలెను గదా! చలికాలపు వేకువలో వారెట్లు పరుగెత్తిరో యూహించుకొనుడు. ఇసుక దాటినవాడు తాటాకుపై గంటముతోనో, బొగ్గును జిగురును పూసిన కడితముపై బలపముతోనో వ్రాయును. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుదురు. పంతులు అందరిపైని కన్నుంచును.

ఈ పద్ధతి ఇంగ్లండులో ననుకరింపదగినదే యని కాంబెల్ మెచ్చెను. అప్పటికే అది యక్కడికి చేరియుండెను. చెన్నపట్టణపు ఎగ్మూరులో సైనికుల యనాథబాలుర యాశ్రమమును నడపిన ఆండ్రూ బెల్ మన పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలో నాచరణమున పెట్టి, 1797 లో లండనులో పుస్తకము ప్రకటించెను. అచ్చటి బీదపిల్లల బడులలో దీనికి ‘మద్రాసు పద్ధతి’ యని పేరు.

గర్వించువారు ఉత్తరము నిచ్చటనే మడచి పెట్టుదురు. తరువాతి పుటలను గూడ చదువవలెను. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533, వానిలో తెలుగువి 226, కన్నడమువి 235. చదువువారు 6,641 మంది, అనగా వేయికి ఇంచుమించు ఏడుగురే. శూద్రులని పట్టికలో చూపిన బాలురు 2,998, బ్రాహ్మణ బాలురు 1,185. చదువొక్క కులముదే యనుమాట దీనితో నిలువదు. కాని జిల్లాయంతటను బాలికలు 60 మందియే! పద్యములు కంఠస్థమే గాని, వాని యర్థము శిష్యునకే కాదు, తరచు గురువునకును తెలియదని గూడ కలెక్టరు వ్రాసెను.

మనల నిందించువారికి ఇంతయే చాలును. వారును ఇచ్చటనే యాగుదురు. నా మనసునకు తగిలినది దీని తరువాతి భాగము. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇపుడు లేవనియు, సీమసరకు వచ్చి సాలెవారు చెడిరనియు, మధ్యతరగతివారును బీదలును పంతులుకీయలేక, లేతచేతులు కొంచెము పనికి రాగానే పిల్లలను బడి మాన్పించుచున్నారనియు ఆయన వ్రాసెను. ఈ 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని తేల్చెను. కంపెనీ జీతగాడు కంపెనీకే ఇట్లు వ్రాయుట సామాన్యధైర్యము కాదు.

మన్రో 1826 మార్చి 10 న రాజధాని లెక్కలన్నియు కూడ్చెను. బడులు 12,498, బడియీడు మగపిల్లలలో చదువువారు నాల్గవవంతుకంటె కొంచె మెక్కువ. జిల్లాకు రెండు పెద్దబడులు, తహసీలున కొకటి సర్కారు ఖర్చుపై పెట్టింపదలచెను. మరుసటి యేడు జూలై 6 న పత్తికొండలో కలరా సోకి మరణించెను. ఆయన బడులకు చాలినంత ధనమును, శ్రద్ధయు దొరకలేదు; 1836 లో వానిని ఎత్తివేసిరి. ఇసుకబడులు మాత్రము, తల్లిదండ్రులిచ్చిన గింజలతోను కాసులతోను, అరుగులమీద మరికొన్ని తరములు సాగెను.