వరిబీజం: గోదావరి డెల్టాలో ఒక పురుషవ్యాధి చరిత్ర

పెద్దాపురం గోదావరి తూర్పు డెల్టాకు ఉత్తరపు అంచున, మెట్టకూ పల్లానికీ నడుమ ఉన్న పట్టణం. సాహిత్య చరిత్రకారులకు అది వత్సవాయ ప్రభువుల సంస్థానంగా, ఏనుగు లక్ష్మణకవి పేరుతో ముడిపడిన చోటుగా పరిచయం. ఆ పట్టణమూ, సామర్లకోట, కాకినాడ, రాజమహేంద్రవరం వంటి ఇరుగుపొరుగు ఊళ్లూ ఉన్న ఈ ప్రాంతం దీర్ఘకాలం ఫైలేరియా వ్యాధికి నెలవైంది. ఫైలేరియా అనగానే తెలుగువారికి స్ఫురించేది బోదకాలు. ఈ వ్యాధి ప్రబలిన చోట్ల పురుషులలో మరింత విరివిగా కనిపించే రూపం మరొకటి ఉంది: వృషణాల చుట్టూ నీరు చేరడం. దానిని వరిబీజం అంటారు, బుడ్డ అని కూడా అంటారు. ఒకే వ్యాధికి చెందిన ఈ రెండు రూపాలను మన భాష విడదీసి, ఒకదానిని జాలికీ రెండవదానిని నవ్వుకూ అప్పగించిందనీ, ఆ విభజన పురుషులకు నష్టం చేసిందనీ చూపడం ఈ వ్యాసోద్దేశం.

వృషణాన్ని రెండు పొరల సంచి కప్పి ఉంటుంది. ఆ పొరల నడుమ ఒరిపిడి లేకుండా ఉండటానికి చాలినంత తడి మాత్రమే ఉండాలి. దోమకాటుతో శరీరంలో చేరిన ఫైలేరియా పురుగులు పెరిగి పెద్దవై శోషరస నాళాలలో కాపురముంటాయి. పురుషులలో వాటికి ఇష్టమైన తావు వృషణాలను పట్టి ఉంచే రజ్జువులోని నాళాలే. ఆ నాళాలు ఉబ్బి చెడిపోయినప్పుడు పొరల మధ్య నీరు నిలుస్తుంది. వరిబీజాలన్నీ ఫైలేరియా వల్లనే రావు. పసిబిడ్డలలోనూ, దెబ్బ తగిలినవారిలోనూ వేరే కారణాలుంటాయి. అయితే ఈ వ్యాధి ప్రబలిన ప్రాంతంలో నడివయసు పురుషునికి వచ్చిన వాపు విషయంలో మొదట అనుమానించవలసింది దీనినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలలో ఫైలేరియా వల్ల వరిబీజం వచ్చిన పురుషులు 2.5 కోట్లు, అవయవాల వాపుతో బాధపడేవారు 1.5 కోట్లకు పైబడినవారు.

ప్రాచీన వైద్యం ఈ రెంటినీ విడదీయలేదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలోని పన్నెండవ అధ్యాయం వృద్ధి, ఉపదంశం, శ్లీపదం అనే మూడింటిని ఒకే చోట చెబుతుంది. వృద్ధి అంటే అండకోశపు వాపు, ఉపదంశం జననాంగ వ్యాధి, శ్లీపదం మన బోదకాలు. నిలవనీరు అధికంగా ఉండి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే దేశాలలో శ్లీపదం ఎక్కువని ఆ అధ్యాయమే గుర్తించింది. వృద్ధులు ఏడు రకాలు. వాటిలో మూత్రవృద్ధి, రోగి నడిచేటప్పుడు నీరు నిండిన తోలుతిత్తిలా కదులుతుందన్న వర్ణన నేటి వరిబీజానికి సరిపోతుంది. మూత్రాన్ని ఆపుకోవడం వల్ల వస్తుందని కారణం తప్పుగా చెప్పినా, లక్షణాన్ని చూసిన కన్ను తప్పు చూడలేదు. చికిత్సాస్థానంలో నీటిని తీసివేయడానికి చెప్పిన శస్త్రం పేరు వ్రీహిముఖం, అనగా వడ్లగింజ మొన వంటి మొన గలది. వరిబీజంలోని ‘వరి’కీ దీనికీ ముడిపెట్టాలన్న ఆశ కలుగుతుంది గాని, ఆధారం లేదు. నీరు అనే అర్థం గల ‘వారి’ శబ్దమే హ్రస్వమై ఈ రూపం ఏర్పడిందని ఊహించడం మేలు. బీజమంటే వృషణమన్న వాడుక తెలుగులో ఉండనే ఉంది.

ఆధునిక వైద్యచరిత్ర కూడా ఈ వ్యాధిని కాలితో మొదలుపెట్టలేదు. 1863లో పారిస్‌లో దెమార్కే అనే శస్త్రవైద్యుడు ఫైలేరియా పిల్లపురుగులను మొదట చూసింది హవానా నుండి వచ్చిన ఒక రోగి వరిబీజపు నీటిలో. 1872లో కలకత్తాలో టిమోతి లూయిస్ వాటిని మనిషి రక్తంలో గుర్తించాడు. బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్ 1876లో పెద్దపురుగును ఒక చేతి గడ్డలోనూ, ఆ తరువాత ప్రాణమున్న నాలుగింటిని వృషణరజ్జువులోని నీటివాపులోనూ కనుగొన్నాడు. మరుసటి ఏడు చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ దోమ పాత్రను పట్టుకున్నాడు. అంటే ఈ పురుగు ఆచూకీ తెలియడంలో పురుషుల వాపుకు గల పాలు తక్కువది కాదు.

తెలుగు సమాజంలో జరిగింది వేరు. బోదకాలు బట్టకు దాగదు కనుక దానికి బహిరంగమైన పేరు వచ్చింది. బుడ్డ పంచెచాటున దాగుతుంది. దాగనంత పెరిగినప్పుడు పరిహాసానికి వస్తువవుతుంది. అచ్చులోకి వచ్చిన పురుషారోగ్యం కూడా ఎక్కువగా ధాతుపుష్టి లేహ్యాల ప్రకటనలలోనే కనిపిస్తుంది. శక్తి తగ్గిందన్న భయానికి అక్కడ అమ్మకం ఉంది. గుంటమగ్గంలో కూర్చోలేని నేతగానికి, తాడిచెట్టు ఎక్కలేని గీతకార్మికునికి అక్కడ మాట లేదు.

పెద్దాపురం విషయంలో మరొక చిక్కు ఉంది. కలావంతుల పేరు చెప్పి ఈ ఊరిని ఒకే ముద్రకు కుదించడం తెలుగు హాస్యానికి, ముఖ్యంగా సినిమా హాస్యానికి, అలవాటు. ఆ స్త్రీలకూ ఆ ఊరికీ అది అన్యాయం. దాని నీడ పురుషుని దేహం మీద కూడా పడుతుందని నా అభిప్రాయం. జననాంగం దగ్గర వాపు అనగానే సుఖవ్యాధి అన్న అనుమానం లేచే చోట, దోమ తెచ్చిన జబ్బును కూడా నడతకు ముడిపెడతారు. సుశ్రుతుడు ఒకే అధ్యాయంలో ఉంచి వేరువేరుగా వర్ణించిన వృద్ధినీ ఉపదంశాన్నీ లోకం కలిపివేసింది. అతడు చేర్చి చెప్పిన వృద్ధినీ శ్లీపదాన్నీ విడదీసింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టాకు నీరూ, పంటా, జనమూ పెరిగాయి. ఈ వ్యాధికి కాలువలే కారణమనడం తొందరపాటు. దీనిని మోసే క్యూలెక్స్ దోమ పారే నీటికంటె నిలిచిన మురుగును కోరుతుంది. పంటతో పెరిగిన ఊళ్లు మురుగును పారించే ఏర్పాటు చేసుకోకపోవడాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి.

మందు కథలోనూ గోదావరి సీమకు పాలుంది. 1895లో భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించగా, 1947లో హెట్రజాన్ వెలువడింది. డైఇథైల్ కార్బమజీన్ దాని రసాయన నామం. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకి, వృషణాల దగ్గర వాపు, నొప్పి కనిపించినప్పుడు వారిని ఎక్కువగా కుంగదీసినది పుంసత్వం పోతుందన్న భయం. వైద్యులు ప్రత్యేకంగా ధైర్యం చెప్పవలసి వచ్చింది. మన పల్లెలలోని పురుషునికీ అదే భయం. ధైర్యం చెప్పేవారే కరవు. నిజానికి వరిబీజం వల్ల పుంసత్వం పోదు. చాలాకాలం పెద్దదిగా ఉండిపోయినప్పుడు కొందరిలో వృషణం మీద ఒత్తిడి పడి వీర్యోత్పత్తి తగ్గవచ్చు. బరువు వల్ల నడక, పని, దాంపత్యం కష్టమవుతాయి.

జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. దాని శిక్షణ, పరిశోధన కేంద్రాలలో ఒకటి రాజమండ్రిలో నెలకొన్నది. పిల్లపురుగులు రాత్రివేళనే నెత్తురులో తిరుగుతాయి కనుక సిబ్బంది రాత్రిపూట ఇళ్లకు వెళ్లి వేలికొన నుండి రక్తం తీసుకునేవారు. 2004 నుండి ఏటా సామూహికంగా మాత్రలు మింగించడం దేశవ్యాప్తమైంది. ఆ మాత్ర వ్యాధి వ్యాప్తిని ఆపుతుంది గాని, ఏర్పడిన వరిబీజాన్ని తగ్గించదు. దానికి శస్త్రచికిత్సే మార్గం. ఇక్కడే బోదకాలికీ దీనికీ భేదం. బోదకాలిని జీవితాంతం కడిగి కాపాడుకోవాలి, వరిబీజం ఒక చిన్న శస్త్రచికిత్సతో తీరుతుంది. నయం కాగల రూపం దాగి ఉండగా, నయం కానిది పేరు తెచ్చుకున్నది. ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్ల జాబితాలో కూడా ఈ వ్యాధి బోదకాలు పేరుతోనే చేరింది.

కార్యక్రమ నిబంధనల ప్రకారం బోదకాలు ఉన్నవారితో పాటు వరిబీజం ఉన్నవారి జాబితానూ ఊరూరా తయారుచేయాలి. ఆ పనిలో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త స్త్రీ, సాధారణంగా ఆ ఊరి ఆడపడుచో కోడలో. ఎదుటి పురుషుని ఆమె అన్నయ్య అనో, బాబాయి అనో, మామయ్య అనో పిలవాలి. ఆ పిలుపు తరువాత బుడ్డ అన్న మాట ఆమె నోట రాదు, వరిబీజం అన్నా అతడు తల దించుకుంటాడు. అందుకే హైడ్రోసీల్ అన్న ఇంగ్లీషు మాటను ఇద్దరి మధ్య తెరగా వేసుకుంటారు. ఆ మాట తెలియని ముసలివాడు తనకు కాళ్లు బాగానే ఉన్నాయని జవాబిస్తాడు.